చెరువులో నాచు, సీసాలో నాచు

తిరువళ్ళూరు వీరరాఘవస్వామివారి కోనేటిలో బెల్లము కరిగించి మొక్కు తీర్చుకోవడము మన కుటుంబాలవారికి కొత్త కాదు. నీటిలో తీపిని వెదకే మరొక పని యిటీవల మాకు తెలియవచ్చింది. అది నాచును గురించినది.

కిందటి వేసవిలో తిరుత్తణికి పోతూ దారిలో ఒక చెరువుగట్టున ఆగాము. నీటిమీద పచ్చరంగు ఒలకబోసినట్లు తెట్టె కట్టి వున్నది. ఒక ముసలాయన ఆవులను ఎదుటి రేవుకు తోలుకుపోతున్నాడు. "గాలి యిటు కొట్టినన్నాళ్ళు యీ రేవు పనికిరాదండీ" అన్నాడు.

యిటువంటి తెట్టె కట్టేవాటిలో పేరుమోసినది మైక్రోసిస్టిస్. నాచు అంటాము గాని, నిజానికి అది బాక్టీరియా జాతి. చెరువులో దీని కణాలు వందలు వేలుగా ఒకే జిగురులో గుమిగూడి వుంటాయి. ఆ జిగురులో ఎక్కువ భాగము గ్లూకోజు, గాలక్టోజు, మానోజు వంటి చక్కెరల గొలుసులే. (మనము వేసిన బెల్లము కాదు లెండి, ఎండ వేడుకగా అదే వండుకుంటుంది.) దానినే తెచ్చి ప్రయోగశాలలో సీసాలో పెంచితే, కొంతకాలానికి చాలావరకు జిగురు వదలి, కణాలు విడివిడిగా బ్రతుకుతాయి. సీసాలో తిండికి కొదువ లేదు, తినవచ్చే పురుగూ లేదు. యిక దుప్పటి ఎందుకు?

ఆ చక్కెరలను పట్టి చూపేవి మన వంటింటి గింజలే! వేరుశనగలోని లెక్టిన్ అనే మాంసకృత్తు గాలక్టోజును పట్టుకుంటుంది. చమ్మకాయకు దాయాది అయిన జాక్ బీన్ నుంచి 1919లో సమ్నర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తీసినది మానోజును, గ్లూకోజును పట్టుకుంటుంది. వాటికి మెరిసే రంగు తగిలించి నాచుపై వేస్తే, ఆ చక్కెర వున్నచోట సూక్ష్మదర్శినిలో వెలుగు కనబడుతుంది. చెరువుదానికీ సీసాదానికీ ఆ వెలుగు ఒకే తీరున వుండనక్కరలేదు. సీసాలోది చూచి చెరువుకు తీర్పు చెప్పడము, నకలు చూచి అసలు దస్తావేజు ఖాయము చేసినట్లే. మా ఆఫీసులో అయితే మెమో తప్పదు.

దీని విషము మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1996లో బ్రెజిలు దేశములోని కరువారు పట్టణములో, యీ విషము కలిసిన నీటితో డయాలసిస్ జరిగి 50 మందికి పైగా రోగులు చనిపోయారు. తాగునీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. మా అమ్మమ్మ చెరువునీటిని గుడ్డతో వడగట్టి, కాచి యిచ్చేది. కాస్తే కలరా క్రిములు చస్తాయి, యీ విషము మాత్రము పోదు. పైగా కణాలు పగిలి లోపలిది నీటిలో దిగుతుంది.

సాయంత్రము తిరిగి వస్తూ చూచాము. గాలి మారింది. తెట్టె ఎదుటి గట్టుకు చేరింది, ఆవులు యివతలి రేవులో వున్నాయి.