పాపం కంపైలర్... తప్పు దానిది కాదు!

ఒకే కోడ్. లైనక్స్‌లో టెస్ట్ పాస్, మ్యాక్‌లో ఫెయిల్! కంపైలర్ పాడైందా? కంగారొద్దు. ఎర్రర్ ‘ఎల్‌డీ’ అని మొదలైతే అది లింకర్ గొడవ.

కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది కంపైలర్. ఆ ముక్కల్ని కలిపి ఒక్క ప్రోగ్రామ్‌గా కుట్టేది లింకర్. వాడని ఫంక్షన్లు తీసేయమని లైనక్స్ లింకర్‌కి చెప్పాలంటే ‘జీసీ సెక్షన్స్’ అనాలి. యాపిల్ లింకర్‌కి ఆ మాటే తెలీదు, ‘డెడ్ స్ట్రిప్’ అనాలి. మైక్రోసాఫ్ట్ లింకర్‌కైతే ‘ఆప్ట్ రెఫ్’. పని ఒకటే, పిలుపులే మూడు! లైనక్స్ మాటతో రాసిన టెస్ట్ మ్యాక్‌లో లింకింగ్ దగ్గరే ఆగిపోతుంది. ఆప్టిమైజేషన్‌ని పరీక్షించే వంతే రాదు.

అలాగని టెస్ట్‌ని డిలీట్ చేసేయకండి. రేపు నిజంగా బగ్ వస్తే పట్టుకునే దిక్కుండదు. ఎల్‌ఎల్‌వీఎం టెస్టుల్లో ‘అన్‌సపోర్టెడ్’ అని రాస్తే ఆ ప్లాట్‌ఫామ్ మీద అది నడవదు. ‘ఎక్స్‌ఫెయిల్’ అంటే నడుస్తుంది, ఫెయిలవుతుందనే లెక్క. ఎప్పుడైనా పాసైతే మాత్రం వెంటనే చెప్పేస్తుంది. నోరు నొక్కడం కంటే అదే నయం కదా!