నమూనా కార్ల గ్లో ఇంజన్లు: సేకరణ, నడిపే విధానం

లూనా మోపెడ్‌ను, పాత చేతక్ స్కూటరును మీరు చూసే ఉంటారు. వాటిలో పెట్రోలుతో పాటు నూనె కూడా కలిపి పోసేవారు. అవి రెండు స్ట్రోకుల ఇంజన్లు. అలాంటి ఇంజన్‌నే అరచేతిలో ఇమిడేంత చిన్నదిగా చేశారనుకోండి. పిస్టన్ చిటికెన వేలంత లావు, సిలిండరులో ఒక చెంచాలో పట్టేంత చోటు. స్పార్క్ ప్లగ్‌కు బదులు ఎర్రగా కాలే ఒక సన్నని తీగ. దీనినే గ్లో ఇంజన్ అంటారు. నమూనా విమానాలు, పడవలు, కార్లు నడపడానికి దీనిని వాడతారు.

ఈ పాఠంలో కార్ల కోసం చేసిన గ్లో ఇంజన్ల గురించి, ముఖ్యంగా ఇప్పుడు అరుదైపోయిన పాత ఇంజన్ల గురించి తెలుసుకుందాం. వీటిని సేకరించేవారికి ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. నడపకుండా ఉంచితే ఇంజన్ లోపల బిగుసుకుపోతుంది. నడిపితే అరిగిపోతుంది. తప్పుగా నడిపితే ఒక్క నిమిషంలోనే పాడవుతుంది. దాని విడిభాగాలు ఎక్కడా దొరకవు. మీలో కొందరు మెకానిక్ షెడ్డులో పనిచేస్తూ చదువుకుంటూ ఉండవచ్చు. పెద్ద ఇంజన్‌పై మీకున్న అనుభవం ఇక్కడ కొంతవరకే పనికివస్తుంది. ఎందుకో చూద్దాం.

నిప్పు ఎలా అంటుకుంటుంది?

స్కూటరు ఇంజన్‌లో మిశ్రమాన్ని వెలిగించేది విద్యుత్ నిప్పురవ్వ. పొలంలోని డీజిల్ పంపుసెట్టులో గాలిని బాగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. గ్లో ఇంజన్‌ది మూడో దారి. దాని ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట ఉంటుంది. మొదట 1.5 వోల్టుల బ్యాటరీతో ఆ తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకోగానే బ్యాటరీ తీసివేస్తారు. అయినా తీగ చల్లారదు. కారణం ఏమిటి?

ఇందులో ఇంధనం పెట్రోలు కాదు, మిథైల్ ఆల్కహాల్. దీనినే మిథనాల్ అని కూడా అంటారు. వేడి ప్లాటినం మిథనాల్ ఆవిరికి ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. అంటే ప్లాటినం తాను మారకుండానే మిథనాల్, గాలిలోని ఆక్సిజన్ కలిసే చర్యను వేగవంతం చేస్తుంది. ఆ చర్యలో పుట్టిన వేడి, ప్రతి చుట్టులోనూ మిశ్రమం నొక్కుకున్నప్పుడు పుట్టే వేడి, అంతకు ముందటి మంట వేడి కలిసి తీగను వెలుగుతూ ఉంచుతాయి. ఇక బ్యాటరీ, కాయిల్, కండెన్సరు మోయవలసిన పని లేదు. పెట్రోలు పోస్తే ఈ ఇంజన్ నడవదు. పెట్రోలు ఆవిరి ప్లాటినంతో ఈ విధంగా చర్య జరపదు.

ఒక విషయం గమనించండి. స్కూటరులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేయవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ప్లగ్ ఎంత వేడిది, మిశ్రమం ఎంత చిక్కనిది, సిలిండరులో నొక్కుడు ఎంత అనే మూడింటిని బట్టే మంట ముందుగానో ఆలస్యంగానో పుడుతుంది. పాత ఇంజన్‌కు చేతికి దొరికిన ప్లగ్, దొరికిన ఇంధనం పెట్టకూడదనడానికి కారణం ఇదే.

ఈ ఇంజన్లు ఎక్కడివి?

1940లలో అమెరికాలో ఒక పందెం బాగా వ్యాపించింది. గుండ్రని బాట మధ్యలో ఒక స్తంభం ఉంటుంది. కారును తీగతో దానికి కడతారు. కారు ఆ స్తంభం చుట్టూ తిరుగుతుంది. దానిని నడిపేవాడు ఉండడు, వేగమే పందెం. లాస్ ఏంజలస్‌లో డూలింగ్ సోదరులు ఈ కార్లకు, ఇంజన్లకు పేరు పొందారు. వారి డూలింగ్ 61 ఇంజన్ పేరులోని 61 అంటే 0.61 ఘనపు అంగుళాలు, అంటే 10 సి.సి. మెకాయ్ 60, హార్నెట్ 60 దీనికి పోటీ ఇంజన్లు. ఆ రోజుల్లోనే ఈ కార్లు గంటకు 100 మైళ్లు దాటాయి. ఇప్పటికీ కొన్ని దేశాలలో ఈ పందేలు జరుగుతున్నాయి. నేటి 10 సి.సి. కార్లు గంటకు 300 కిలోమీటర్లు మించి పోతాయి.

ఈ పెద్ద ఇంజన్లు మొదట నిప్పురవ్వ పద్ధతిలోనే వచ్చాయి. 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ గ్లో ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చాడు. కొద్ది కాలంలోనే చాలామంది తమ ఇంజన్ల నుంచి కాయిల్, బ్యాటరీలతో పాటు రవ్వ వేళను నిర్ణయించే టైమరును కూడా పీకేసి గ్లో ప్లగ్ పెట్టుకున్నారు. పీకిన టైమర్లు ఏమయ్యాయో ఎవరు చూశారు! అందుకే ఈ రోజు టైమరుతో సహా దొరికే ఇంజన్‌కు అంత విలువ.

తరువాత కాలిఫోర్నియాలోని కాక్స్ కంపెనీ 0.049 ఘనపు అంగుళాల ఇంజన్లను పెద్ద సంఖ్యలో చేసింది. అంటే 0.8 సి.సి. పిల్లల బొమ్మ కార్లలోనూ, విమానాలలోనూ ఇవి నడిచాయి. 1970లలో రేడియోతో నడిపే కార్ల పందేలు పెరిగాయి. అసలు కారులో ఎనిమిదో వంతు పరిమాణం గల కార్లకు 3.5 సి.సి. ఇంజన్ ప్రమాణమైంది. అమెరికాలో కె అండ్ బి, ఇటలీలో ఓ.పి.ఎస్., పికో, జపాన్‌లో ఓ.ఎస్. వంటి కంపెనీలు వీటిని తయారుచేశాయి.

అరుదు అంటే ఏమిటి?

తక్కువగా చేసినదే అరుదైనది అనుకుంటాం. ఇక్కడ అది పూర్తిగా నిజం కాదు. 3.5 సి.సి. పందెపు ఇంజన్లు తక్కువేమీ రాలేదు. కాని వాటిని కొన్నవారు అలమారులో పెట్టడానికి కొనలేదు. నిమిషానికి 30,000 చుట్లు తిప్పి, పిస్టన్, సిలిండరు అరిగాక పారవేశారు. కొన్నేళ్లకు కొత్త మోడలు వచ్చేది, పాతదానికి విడిభాగాలు చేయడం ఆపేసేవారు. అందువల్ల చక్కటి స్థితిలో మిగిలిన ఇంజన్ అరుదు. దాని సొంత కార్బురేటరు, సొంత సైలెన్సరు, డబ్బా, కాగితాలతో దొరికేది మరీ అరుదు.

ఇంజన్ కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోకండి. బఫ్ చేసి తళతళలాడించిన కేసుపై అసలు పోత గరుకుతనం, ముద్రించిన అంకెలు పోతాయి. నా దృష్టిలో మరకలున్న అసలు ఇంజనే మేలు. స్క్రూ తలలు చూడండి. గాడి చెదిరి ఉంటే ఎవరో తొందరగా విప్పారని అర్థం. పేరున్న ఇంజన్లకు తరువాతి కాలంలో నకళ్లు కూడా వచ్చాయి. నకలు చెడ్డదని కాదు, నకలు ధరకే కొనాలి.

బిగుసుకుపోయిన ఇంజన్

గ్లో ఇంధనంలో కందెనగా వాడేది మనకు బాగా తెలిసిన నూనె, ఆముదం. ప్రపంచంలో ఆముదం పంటలో ఎక్కువ భాగం మన దేశంలోనే పండుతుంది. గుజరాత్ ముందున్నా, మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల మెట్ట రైతులకు ఇది పాత పంటే. ఆముదం చాలా వేడిలోనూ లోహంపై పొరగా నిలుస్తుంది, మిథనాల్‌లో కలుస్తుంది. పెట్రోలులో కలిపే మామూలు నూనెలు మిథనాల్‌లో కలవవు.

దాని దోషం కూడా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి నిలిచిన ఆముదం ఆరి, గోధుమ రంగు బంకగా గట్టిపడుతుంది. పిస్టన్ కదలదు. పాత ఇంజన్ చేతికి రాగానే చాలామంది చేసేది దానిని పటకారుతో పట్టి తిప్పడం. సన్నని కనెక్టింగ్ రాడ్ అక్కడే వంగుతుంది. బలం వాడకండి, వేడి వాడండి. తల వెంట్రుకలు ఆరబెట్టే యంత్రంతో నెమ్మదిగా వేడిచేసి, ప్లగ్ రంధ్రంలోంచి కొన్ని చుక్కల పలచని నూనె వేసి, ఒక రాత్రి ఉంచండి. మళ్లీ వేడిచేయండి. మూడు నాలుగు రోజులు పట్టినా తొందరపడవద్దు. ఆ కాలపు కొన్ని పందెపు ఇంజన్ల కేసులు మెగ్నీషియంతో చేసినవి. వాటిని నేరుగా మంటపై పెట్టరాదు, ఘాటైన రసాయనాలలో ముంచరాదు.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. కొన్ని ఇంజన్లలో పిస్టన్‌కు రింగులు ఉంటాయి. మరికొన్నింటిలో రింగులు ఉండవు. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి సిలిండరు, దాని లోపల క్రోమియం పూత. వీటిని ఎ.బి.సి. ఇంజన్లు అంటారు. చల్లగా ఉన్నప్పుడు ఈ పిస్టన్ సిలిండరు పై భాగంలో గట్టిగా పట్టేస్తుంది. కొత్తవారు ఇంజన్ పాడైందనుకుంటారు. నిజానికి అదే మంచి గుర్తు. నడిచేటప్పుడు వేడికి ఇత్తడి సిలిండరు పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచించి, సరైన సందు ఏర్పడుతుంది. చల్లని ఎ.బి.సి. ఇంజన్ పై వరకు సులువుగా తిరిగితే అది అరిగిపోయిందని తెలుసుకోండి.

ఇంధనం, జాగ్రత్తలు

సాధారణంగా ఇంధనంలో ఐదో వంతు వరకు నూనె, మిగిలినదానిలో ఎక్కువ భాగం మిథనాల్, కొంత నైట్రోమీథేన్ ఉంటాయి. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. కనుక అదే సిలిండరులో ఎక్కువ ఇంధనం మండించి ఎక్కువ శక్తి పొందవచ్చు. కాని ఎక్కువ నైట్రో అంటే ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి. కాక్స్ చిన్న ఇంజన్లకు 15 నుంచి 25 శాతం నైట్రో సరిపోతుంది. ఎక్కువ నొక్కుడు గల పాత పెద్ద ఇంజన్లను తక్కువ నైట్రోతో, లేదా అసలు లేకుండా నడపడం మంచిది. నూనె మాత్రం తగ్గించకండి. కాక్స్ ఇంజన్లలో పిస్టన్, రాడ్ గుండు, గిన్నె ఆకారపు అతుకుతో కలుస్తాయి. ఆ అతుకును కాపాడేది ఆముదమే.

మిథనాల్ విషం అని మరచిపోకండి. కల్తీసారా వార్తలలో మీరు వినే విషం ఇదే. కొన్ని చెంచాలు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. దానిని తాగునీటి సీసాలో ఎన్నడూ పోయకండి. మూసిన గదిలో ఇంజన్ నడపకండి. దీని అమ్మకంపై ఆంక్షలు ఉంటాయి కనుక అనుమతి ఉన్న దుకాణంలోనే, సిద్ధంగా కలిపిన ఇంధనం కొనండి.

నడపడం

విమానపు ఇంజన్‌కు పంకా ఉంటుంది. అది ఇంజన్‌కు బరువు, చల్లని గాలి రెండూ ఇస్తుంది. కారు ఇంజన్‌కు పంకా లేదు. బరువుగా ఫ్లైవీల్, చల్లదనానికి రెక్కలున్న పెద్ద తల ఉంటాయి. ఫ్లైవీల్ లేని కారు ఇంజన్‌ను బల్లపై నడపబోతే అది అందుకోదు, లేదా భారం లేక హద్దు మీరి తిరిగి రాడ్ విరుగుతుంది. మెకాయ్, డూలింగ్ ఇంజన్లను విమానాలలోనూ వాడారు. అందువల్ల సేకర్తలు వాటిని బల్లకు బిగించి, తగిన పంకాతో నడుపుతారు. అప్పుడు పంకా తిరిగే తలానికి ఎదురుగా నిలబడవద్దు. కళ్లద్దాలు తప్పనిసరి.

మొదట ప్లగ్ తీసి, ఇంజన్‌ను చేతితో తిప్పి, లోపల ఎక్కువ ఇంధనం లేదని నిర్ధారించుకోండి. ద్రవం నొక్కుకోదు. ఇంధనంతో నిండిన సిలిండరును విద్యుత్ స్టార్టరుతో బలవంతంగా తిప్పితే పిస్టన్ ఆగిపోతుంది, రాడ్ వంగుతుంది. సేకర్తల చేతుల్లో ఇంజన్లు నడుస్తుండగానే కాదు, ఇలా మొదలుపెట్టేటప్పుడూ పాడవుతాయి.

సూది వాల్వును తెరిస్తే ఇంధనం ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది, మూస్తే పలచబడుతుంది. చిక్కని మిశ్రమంలో ఇంజన్ గరగరలాడుతూ, పొగ ఎక్కువగా వదులుతూ తిరుగుతుంది. శక్తి తక్కువ, కాని నూనె పుష్కలంగా అందుతుంది. ఆవిరయ్యే మిథనాల్ లోపలి వేడిని లాగేస్తుంది. పలచబరిస్తే శబ్దం కీచుగా మారి వేగం పెరుగుతుంది. ఆ శబ్దం బాగుందని ఇంకొంచెం మూస్తే నూనె కూడా తగ్గిపోతుంది, పిస్టన్ గీరుకుపోతుంది. ఎగ్జాస్ట్‌లో పొగ తెర ఎప్పుడూ కనిపించాలి. దోసె పెనంపై నీళ్లు చిలకరించినట్లు ఇంజన్ తలపై ఒక చుక్క నీరు వేయండి. చుక్క మూడు నాలుగు సెకన్లు నిలిచి ఆవిరైతే ఫరవాలేదు. పడగానే చిటపటలాడి ఎగిరిపోతే వెంటనే ఆపాలి.

ఆలోచించండి: డబ్బాలోంచి ఎన్నడూ బయటికి రాని, ఒక్కసారీ నడవని 1950ల ఇంజన్ మీ చేతికి వస్తే ఏం చేస్తారు?

దానిని నడపవద్దని నా సలహా. ఒక్కసారి నడిపితే అది ఇక ఎప్పటికీ నడవని ఇంజన్ కాబోదు. అదే రకంలో ఇంతకు ముందు నడిచి, కాస్త అరిగిన మరో ఇంజన్ సంపాదించి దానిని నడపండి. ఆ శబ్దం, ఆ వాసన అందులోనూ ఉంటాయి.

నడిపిన తరువాత

ట్యాంకులో మిగిలిన ఇంధనం పారబోసి, ఇంజన్‌లోని ఇంధనం అయిపోయేవరకు తిరగనివ్వండి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నైట్రో మండినప్పుడు ఆమ్లాలు పుడతాయి. ఈ రెండూ కలిసి బాల్ బేరింగులను, ఉక్కు క్రాంక్ షాఫ్టును తుప్పు పట్టిస్తాయి. మన తీర ప్రాంతపు ఉక్కలో ఒక వారం చాలు. కనుక ఇంజన్ వెచ్చగా ఉండగానే ప్లగ్ రంధ్రంలో, కార్బురేటరులో కొన్ని చుక్కల తేలిక మెషీన్ నూనె వేసి, పదిసార్లు తిప్పండి. ఇక్కడ ఆముదం వాడవద్దు, బంక సంగతి పైన చదివారు కదా. పిస్టన్‌ను కిందికి దించి ఉంచండి. ఎ.బి.సి. ఇంజన్‌ను పైభాగంలో బిగించి వదిలితే చల్లారాక అక్కడే పట్టుకుంటుంది. గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఏ రోజు నడిపారో, ఏ ఇంధనం, ఏ ప్లగ్ వాడారో, సూది ఎన్ని చుట్లు తెరిచారో చీటీ రాసి లోపల పెట్టండి. ఆరు నెలలకు ఒకసారి తీసి, రెండు చుక్కల నూనెతో మళ్లీ తిప్పండి.