బృహద్ధమనిలో గడ్డకు గోళీల వైద్యం

గుండె నుంచి బయలుదేరిన రక్తం ముందుగా చేరేది బృహద్ధమనిలోకే. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పుండే ఆ గొట్టంలో, మనిషి ఊరికే కూర్చున్నా నిమిషానికి దాదాపు 5 లీటర్లు పారుతుంది. అంత జోరులో గడ్డ నిలవడం కష్టం. నిజాంసాగర్ కాలువ నిండుగా పారేటప్పుడు చెత్త ఆగదు, లైనింగ్ పగిలిన చోట మాత్రం చిక్కుకుంటుంది. ఇక్కడా అంతే. బృహద్ధమనిలో గడ్డ కనిపించిందంటే లోపలి గోడైనా దెబ్బతిని ఉండాలి, క్యాన్సర్ వంటి జబ్బుతో రక్తానికి గడ్డకట్టే గుణమైనా పెరిగి ఉండాలి. గోడను పాడుచేసే వాటిలో పొగాకుది ముందు వరుస. బీడీలు చుట్టి బతికే ఇళ్లున్న కామారెడ్డి జిల్లాలో ఈ మాట చెప్పడం ఇబ్బందే, అయినా చెప్పాలి.

గడ్డ ఉన్నచోట ఉన్నంతకాలం చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తునక ఊడితేనే ప్రమాదం. అది కాలి ధమనిలో ఇరుక్కుంటే కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి పుడుతుంది. కాలు దక్కాలంటే రక్తప్రసారం దాదాపు 6 గంటల్లోపు తిరిగి మొదలవ్వాలి. ఎల్లారెడ్డిలో రాత్రి వచ్చిన నొప్పిని తిమ్మిరనుకొని తెల్లారేదాకా ఆగితే ఆ గంటలు మంచం మీదే గడిచిపోతాయి. అక్కడి నుంచి కామారెడ్డికి, అవసరమైతే మరో 110 కిలోమీటర్లు హైదరాబాద్‌కు వెళ్లాలన్న సంగతీ లెక్కలో ఉంచుకోవాలి.

గడ్డను సీటీ యాంజియోగ్రామ్‌లో గుర్తించాక సాధారణంగా మొదట ఇచ్చేది హెపారిన్ అనే సూదిమందు. తర్వాత వార్ఫరిన్ లేదా ఎసినోకుమరాల్ గోళీలు. చాలామంది అనుకున్నట్టు ఇవి గడ్డను కరిగించవు, పెరగకుండా ఆపుతాయంతే. కరిగించే పని మన రక్తంలోని ప్లాస్మిన్ చేస్తుంది. కొత్త గడ్డ చేరడం ఆగితే పాతదాన్ని అది నెమ్మదిగా తినేస్తుంది. నేరుగా కరిగించే మందులూ ఉన్నాయి కానీ, గడ్డ తునకలై కొట్టుకుపోతుందని, మెదడులో రక్తస్రావం కావచ్చని ఇక్కడ వాటి జోలికి మామూలుగా పోరు.

వార్ఫరిన్ పుట్టుక పశువుల కొట్టంలో జరిగింది. 1920ల్లో అమెరికా, కెనడాల్లో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన ఆవులు ఆగని రక్తస్రావంతో చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని విడదీసింది. దాని నుంచి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల మందైంది. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే గడ్డకట్టే కారకాలను ఇది అడ్డుకుంటుంది. అప్పటికే తయారై ఉన్నవి ఖర్చు కావడానికి రోజులు పడుతుంది గనుక, గోళీ మొదలుపెట్టాక కూడా కనీసం 5 రోజులు హెపారిన్ కొనసాగిస్తారు.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో అంకె సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ పెరగొచ్చు, బాగా పెరిగితే రక్తం ఆగదు. నా దృష్టిలో ఈ వైద్యానికి ప్రాణం గోళీ కాదు, ఆ పరీక్ష. విటమిన్ కె ఉంటుందని పుంటికూర, పాలకూర మానెయ్యమని చెప్పేవాళ్లున్నారు. మానక్కర్లేదు. వారమంతా ముట్టకుండా ఒక్కరోజు కడుపునిండా తింటేనే అంకె ఊగుతుంది. రోజూ ఒకే తీరుగా తింటే మోతాదును దానికి తగ్గట్టు సరిచేస్తారు. కల్లు, సారా మాత్రం అలా లెక్కకు దొరకవు. ఒళ్లునొప్పులకు ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ సూది మరీ ప్రమాదం. అది కడుపులో రక్తస్రావానికి దారితీయొచ్చు, సూది గుచ్చిన కండలోనూ నెత్తురు పేరుకోవచ్చు. ఈ గోళీలు వాడుతున్నామని ఆర్ఎంపీకి, పంటి డాక్టరుకు ముందే చెప్పాలి. నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, తలకు దెబ్బ: ఇందులో ఏదైనా ఆ పూటే దవాఖానకు వెళ్లాల్సిన విషయమే.

రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మందులకు ఐఎన్ఆర్ బెడద లేదు. అయితే గుండెలో లోహపు కవాటం ఉన్నవారికి పాత వార్ఫరిన్ వంటివే దిక్కు. రక్తం తేలిగ్గా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బులోనూ మొగ్గు వాటికే. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ స్కాన్ చేస్తారు. గడ్డ మాయమైనా మందు వెంటనే ఆపరు, అది కట్టడానికి కారణం పోయిందా లేదా చూస్తారు. మందు వాడుతున్నా తునకలు ఊడుతూనే ఉంటే స్టెంటో ఆపరేషనో ఆలోచిస్తారు.