పాత్ర ఎవరి సొత్తు?

కొంతకాలం కిందట మా ప్రాంతంలో విద్యార్థులకు కథల పోటీ ఒకటి జరిగింది. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో నేనొకణ్ణి. వచ్చిన వాటిలో ఒకటి కథలా లేదు, ఉత్తరంలా ఉంది. ‘కన్యాశుల్కం’లోని బుచ్చమ్మ పూనా విధవాశ్రమం నుంచి చెల్లెలు సుబ్బికి రాసుకున్న ఉత్తరం అది. రాసింది దివిసీమ నుంచి వచ్చిన ఇంటర్మీడియట్ అమ్మాయి. “గిరీశంగారు రమ్మన్నప్పుడు ఆయన మాట విన్నాను, పంతులుగారు పొమ్మన్నప్పుడు ఆయన మాట విన్నాను, నా మాట నేను వినడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను” అంటుంది అందులో బుచ్చమ్మ. నీకు చదవడం రాదు గనక వెంకటేశాన్ని బతిమాలి చదివించుకో అని చెల్లెలికి చివర ఒక మాట రాస్తుంది.

ఆ రచనను మేము పోటీలో నుంచి తీసేశాం. రచన స్వతంత్రంగా ఉండాలన్నది నిబంధన. పాత్రలు గురజాడవి, కనుక ఇది స్వతంత్ర రచన కాదన్నాం. ఆ తీర్పు కింద నా సంతకం కూడా ఉంది. బహుమతుల సభ అయిపోయాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగింది: “మాస్టారూ, విశ్వనాథవారు రాముడి కథ మళ్ళీ రాస్తే స్వతంత్ర రచన అయింది గదండీ. నేను బుచ్చమ్మ కథ రాస్తే ఎందుకు కాలేదండీ?”

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే ప్రయత్నం.

ఒకరు సృష్టించిన పాత్రల్నీ లోకాన్నీ తీసుకుని, వాటిమీద ఇష్టంతోనో కోపంతోనో మరొకరు కొత్త కథ రాయడాన్ని ఇంగ్లీషువాళ్ళు ‘ఫ్యాన్ ఫిక్షన్’ అంటున్నారు. మనం అభిమాని రచన అనుకోవచ్చు. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. మన సాహిత్యం పుట్టిందే ఆ పనితో. నన్నయ అరణ్యపర్వాన్ని మధ్యలో వదిలి వెళ్ళిపోయాడు. ఎఱ్ఱన ఆ శేషాన్ని పూర్తిచేసి, కీర్తి తాను తీసుకోకుండా నన్నయ రాసినట్టుగానే రాజరాజ నరేంద్రుడికి అంకితం చేశాడు. పోతన భాగవతంలోనూ గంగన, సింగన, నారయ రాసిన భాగాలున్నాయి. అప్పటి కవికి కథ ఉమ్మడి చెరువు వంటిది. ఎవరి కడవతో వారు ముంచుకోవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ కూడా తన ‘రామాయణ కల్పవృక్షం’ మొదట్లో మళ్ళీ రామాయణమెందుకన్న ప్రశ్న తానే వేసుకుని, లోకం రోజూ తిన్న అన్నమే తింటోంది గదా, ఎవరి రుచి వారిది గదా అన్న అర్థంలో జవాబు చెప్పుకున్నాడు.

ఈ స్వేచ్ఛను భక్తులు మాత్రమే వాడుకున్నారనుకుంటే పొరపాటు. అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుక వధ’ నాటకంతో అదే కథను శంబుకుడి పక్షాన నిలబడి చెప్పాడు. విశ్వనాథ కల్పవృక్షానికి ఎదురుగా రంగనాయకమ్మ 1974–76 మధ్య మూడు భాగాల ‘రామాయణ విషవృక్షం’ నాటారు. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో మాట్లాడుతుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాత్రలు సొంతం కావు గనక ఇవి స్వతంత్ర రచనలు కావని ఏ న్యాయనిర్ణేతా అనలేదు.

అయితే వాల్మీకి లేచి వచ్చి అభ్యంతరం చెప్పడు. చిక్కంతా అచ్చుయంత్రం వచ్చాక, పుస్తకం సరుకయ్యాక, రచయిత తన పేరుతో తన పాత్రల్ని అమ్ముకుని బతకవలసి వచ్చాక మొదలైంది. ఈ దశలో రచయితల వైఖరులు ఒక్కటిగా లేవు. వాటిని నాలుగు రకాలుగా చూడవచ్చు.

మొదటిది ఉదాసీనమైన ఔదార్యం. షెర్లాక్ హోమ్స్‌ను నాటకంగా మలుస్తున్న అమెరికన్ నటుడు విలియం జిల్లెట్, హోమ్స్‌కు పెళ్ళి చేయవచ్చునా అని కానన్ డాయిల్‌ను తంతి ద్వారా అడిగాడు. పెళ్ళే చేస్తారో, చంపుతారో, మీ ఇష్టమన్నాడు డాయిల్. ఆ నాటకం 1899లో రంగమెక్కింది. ఈ ఔదార్యంలో కొంత విసుగు కూడా ఉందని మరవరాదు. హోమ్స్‌ను అప్పటికే ఒకసారి డాయిల్ స్వయంగా చంపి ఉన్నాడు.

రెండవది ఆహ్వానం. దీనికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా మద్రాసులో ‘చందమామ’ను తీర్చిదిద్దాడు. బేతాళ కథలు సంప్రదాయంలో ఉన్నవి పాతికే. అవి అయిపోయాక కూడా విక్రమార్కుడు దశాబ్దాల తరబడి చెట్టెక్కుతూనే ఉన్నాడు. శవం, చెట్టు, ప్రశ్న, మౌనభంగం అలాగే ఉంచి లోపలి కథను మాత్రం కొత్తగా కల్పించారు. ఎందరో రచయితలు ఆ చట్రంలో తమ కథలు చెప్పుకున్నారు. వాస్తవికవాదిగా పేరుపడ్డ కుటుంబరావుకు ఈ పనిలో తప్పేమీ కనబడలేదు. చట్రం అందరిది, కొత్త ప్రశ్న వేయడం రచయిత పని అన్న సూత్రం ఆ కథలన్నిటిలోనూ ఉంది.

మూడవది కలంతోనే ఎదురు తిరగడం. 1614లో స్పెయిన్‌లో అవెల్లనేదా అన్న మారుపేరుతో ఎవరో ‘డాన్ క్విహోటే’కు రెండవ భాగం అచ్చువేశారు. మండిపడ్డ సెర్వాంటెస్ 1615లో తన రెండవ భాగం తెచ్చాడు. దొంగ పుస్తకాన్ని అందులో పాత్రల చేతనే ఎగతాళి చేయించి, మరెవరూ మళ్ళీ బతికించకుండా చివర కథానాయకుణ్ణే చంపేశాడు. అతని కోపం న్యాయమైనదే. అవతలివాడు ఋణం ఒప్పుకోలేదు, పైగా ముందుమాటలో సెర్వాంటెస్ ముసలితనాన్ని వెక్కిరించాడు. ఎఱ్ఱనకూ అవెల్లనేదాకూ ఉన్న తేడా ఇదే. ఇద్దరూ మరొకరి కథనే కొనసాగించారు. ఒకడు కీర్తిని మూలకర్తకు ఇచ్చాడు, రెండవవాడు లాక్కోబోయాడు.

నాలుగవది నిషేధం. రక్తపిశాచాల నవలలతో పేరుపొందిన ఆన్ రైస్ తన పాత్రలతో ఎవరూ కథలు రాయరాదని 2000లో పాఠకులకు చెప్పింది. శాలింజర్ తన హోల్డెన్ పాత్రను ముసలివాణ్ణి చేసి రాసిన పుస్తకం మీద దావా వేశాడు. 2009లో న్యూయార్క్ కోర్టు అమెరికాలో ఆ పుస్తకం రాకుండా ఆపింది. 2010లో పైకోర్టు పునఃపరిశీలనకు తిప్పి పంపింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నిషేధం కోరేది అన్నిసార్లూ రచయిత మనసు కాదు. కొన్నిసార్లు వారసుల ఆస్తి మాట్లాడుతుంది, కొన్నిసార్లు వర్గదృష్టి మాట్లాడుతుంది. మార్గరెట్ మిచెల్ 1936లో రాసిన ‘గాన్ విత్ ద విండ్’ అమెరికా దక్షిణాదిలోని బానిస యజమానుల వైభవాన్ని తలుచుకుని కన్నీరు పెట్టే నవల. ఆమె చనిపోయాక హక్కుదారులు తమ అనుమతితో కొనసాగింపు నవల రాయించి 1991లో విడుదల చేయించారు. కాని ఆలిస్ రాండల్ అన్న నల్లజాతి రచయిత్రి అదే కథను బానిస స్త్రీకి పుట్టిన కూతురి నోట చెప్పించినప్పుడు కోర్టుకెక్కారు. కింది కోర్టు పుస్తకాన్ని ఆపింది. 2001లో అట్లాంటాలోని అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. పొగడ్తకు అనుమతి, ప్రశ్నకు నిషేధం: ఆస్తిహక్కు సాహిత్యంలో ఎవరి కాపలా కాస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పింది మన శిబిరానికి హాయిగా ఉంటుంది. ఇక హాయిగా ఉండని ఉదాహరణ ఒకటి చెప్పాలి. 1952లో తోప్పిల్ భాసి రాసిన ‘నింగళెన్నె కమ్యూనిస్టాక్కి’ నాటకాన్ని కె.పి.ఏ.సి. బృందం కేరళ అంతటా ఆడింది. ‘మీరు నన్ను కమ్యూనిస్టును చేశారు’ అని ఆ పేరుకు అర్థం. అభ్యుదయ నాటకరంగానికి అది గర్వకారణం. 1995లో సివిక్ చంద్రన్ దానికి ప్రతినాటకం రాశాడు. దాని పేరుకు అర్థం, ‘మీరు ఎవరిని కమ్యూనిస్టుల్ని చేశారు?’ భాసి పాత్రల్నీ, సంభాషణల్లో చాలా భాగాన్నీ తీసుకుని, ఉద్యమం కోసం సర్వస్వం ఒడ్డిన కూలీలకు, దళితులకు చివరికి దక్కిందేమిటని నిలదీశాడు. భాసి వారసులు కోర్టుకు వెళ్ళారు. 1996లో కేరళ హైకోర్టు ప్రతినాటకం పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు మూడు కొలతలు పెట్టింది. తీసుకున్నదెంత, దాని మీద చేసిన వ్యాఖ్యతో పోలిస్తే దాని విలువెంత అన్నది మొదటిది. ఏ ప్రయోజనానికి తీసుకున్నారన్నది రెండవది. కొత్త రచన మూలరచనకు పోటీగా నిలిచి దాని గిరాకీ దెబ్బతీస్తుందా అన్నది మూడవది.

శంబుకుడి పక్షాన త్రిపురనేని మాట్లాడినందుకు చప్పట్లు కొట్టినవాళ్ళం, మన నాటకంలోని కూలీల పక్షాన మరొకడు మాట్లాడితే సహించగలమా? సహించలేకపోతే మన అభిమానం స్వేచ్ఛ మీద కాదు, మనకు నచ్చిన ముగింపు మీదే. 1943లో తెనాలిలో మొదలైన మన సంఘం ఎనభై ఏళ్ళు దాటిన సంఘం. మన పుస్తకాలకూ ప్రతిపుస్తకాలు రాయగల తరం వచ్చింది. అది మన పుస్తకాలు ఇంకా బతికున్నాయనడానికి సాక్ష్యం. చచ్చిన పుస్తకంతో ఎవరూ తగాదా పడరు.

అయినా జీవించి ఉన్న రచయిత అభ్యంతరాన్ని కొట్టిపారేయరాదు. సొంత డబ్బుతో పుస్తకం అచ్చువేసుకుని, అమ్ముడుపోని కట్టల్ని మంచం కింద పెట్టుకున్న రచయితకు పాత్ర ఒక్కటే ఆస్తి. దాన్ని మరొకడు పేరు చెప్పకుండా సినిమాకో సీరియల్‌కో మలుచుకుంటే అది అభిమానం కాదు, చౌర్యం. మరో ప్రమాదమూ ఉంది. తిరుగుబాటు చేసిన పాత్రను తీసుకుని బుద్ధిచెప్పి ఇంటికి పంపే కథ కూడా అభిమాని రచన పేరుతోనే రావచ్చు. అలాంటి దానికి విమర్శే మందు, నిషేధం మందు కాదు. కోర్టు నుంచి తెచ్చిన నిషేధం ఈ రోజు వాళ్ళ నోరు మూస్తే రేపు మన నోరు మూస్తుంది.

చట్టం సంగతి కూడా విద్యార్థులకు తెలియాలి. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలమంతా, ఆ తరువాత అరవై ఏళ్ళూ హక్కులుంటాయి. విమర్శకోసం న్యాయబద్ధంగా వాడుకోవడానికి 52వ సెక్షన్ వీలు ఇస్తుంది. తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరపెట్టే హక్కును 57వ సెక్షన్ రచయితకు ఇస్తుంది. గురజాడ 1915లో చనిపోయాడు. ఆయన పాత్రలు ఏనాడో ప్రజల ఉమ్మడి ఆస్తి అయ్యాయి. గిరీశం పేరుతో ముళ్ళపూడి వెంకటరమణ సినిమాల మీద లెక్చర్లు ఇప్పించాడు. మధురవాణి చేత పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఇంటర్వ్యూలు చేయించాడు. గిరీశానికీ మధురవాణికీ దొరికిన రెండవ జన్మ నోరులేని బుచ్చమ్మకు మాత్రం ఎందుకు దొరకరాదు?

పేరడీ సంగతి కూడా ఇంతే. బందరులో పుట్టిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పెద్ద కవుల గొంతుల్ని అనుకరించి నవ్వించాడు. శ్రీశ్రీని కూడా వదల్లేదు. ఆ పేరడీలు చదివినవాడికి మూలకవి శైలి మరింత స్పష్టంగా తెలిసింది గాని, మూలకవి చిన్నబోలేదు. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, అరువు సంగతి దాచడమే తప్పు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు చెప్పగలను. స్వతంత్ర రచన అంటే సొంత పాత్రలున్న రచన కాదు, సొంత చూపు ఉన్న రచన. ఒకరి పాత్ర తీసుకున్నవారిని మూడు ప్రశ్నలు అడుగుదాం. మూలంలో మాట్లాడనిది ఇక్కడ ఏదైనా మాట్లాడిందా? ఋణం ఒప్పుకున్నారా? బతికున్న రచయిత తిండిగింజల మీద చెయ్యి పడిందా? బుచ్చమ్మ ఉత్తరం మొదటి ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పింది. రెండవదానికి, మొదటి పంక్తిలోనే గురజాడకు నమస్కారం పెట్టింది. మూడవ ప్రశ్న ఆమెకు వర్తించదు. గురజాడ బుచ్చమ్మను పూనాకు పంపించి తెర దించాడు. అక్కడ ఆమె ఏమైందో అడగడానికి నూరేళ్ళు దాటాక దివిసీమ నుంచి ఒక పిల్ల రావలసి వచ్చింది. మేము ఆమెను గుమ్మంలోనే ఆపేశాం.

ఈసారి పోటీ ప్రకటనలో ఆ నిబంధనను మార్చాలని మిత్రులకు ప్రతిపాదించాను. ‘ఇతరుల పాత్రల్ని తీసుకుంటే ఆ సంగతి చెప్పండి, జీవించి ఉన్న రచయితవైతే అనుమతి అడగండి’ అని ఉంటే చాలు. ఆ అమ్మాయికి ఉత్తరం కూడా రాశాను. తీర్పు తప్పని, ఆ తప్పులో నా వంతు ఉందని ఒప్పుకున్నాను. సుబ్బి నుంచి జవాబు కూడా రాయమన్నాను. అప్పటికి సుబ్బికి సొంతంగా చదవడం వచ్చి ఉంటే బాగుంటుందని మాత్రం ఒక చిన్న సూచన చేశాను.