ఒకే విత్తనము, ఒకే తెగులు

2017వ సంవత్సరము మే నెలలో వాన్నాక్రై యను మారి కంప్యూటరు లోకమును పట్టి పీడించినది. దస్తరములకు తాళము బిగించి, 300 డాలర్లు చెల్లించినగాని తెరువనని బెదరించుట దాని రీతి. 150 దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములు దానివాత పడినవి. మన చిత్తూరు జిల్లా పోలీసు కార్యాలయములును, తిరుమల తిరుపతి దేవస్థానములవారి కొన్ని కంప్యూటర్లును ఆ బెడదను తప్పించుకొనలేకపోయినవి.

ఆ మారి సోకినవి విండోసుతో నడచు యంత్రములు. లోపమును సరిదిద్దు మందును మైక్రోసాఫ్టువారు రెండు నెలలకు ముందే యిచ్చియుండిరి గాన, దోషమంతయు వారిదే యనుట న్యాయము గాదు. కాని యొక్క లోపము సముద్రములు దాటి సప్తగిరుల పాదమువరకు నేల ప్రాకెను? అన్ని పొలములలోను ఒకే విత్తనము చల్లియుండుటచేతనే గదా!

ఈ సంగతి మన సీమ రైతులకు క్రొత్త గాదు. శ్రీకాళహస్తి ప్రాంతమున వేరుసెనగ కాయలను నల్లబరచిన తెగులుకు ఆ యూరి పేరే నిలిచినది. తిరుపతి వ్యవసాయ పరిశోధనాస్థానమువారు దానిని తట్టుకొను రకములను తీసిరి. పలు జాతుల విత్తనములను కాపాడుకొన్నవారికే యట్టి పని సాధ్యము.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమము ఇట్టి యేకచ్ఛత్రాధిపత్యమును ఎదిరించియే పుట్టినది. 1983లో రిచర్డ్ స్టాల్మన్ దానికి పునాది వేసెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమున కొసగెను. నేడు ఆండ్రాయిడు ఫోనుల గర్భమున నున్నది లినక్సే. మన స్వేచ్ఛ సంస్థవారు దానికి తెలుగు నేర్పిరి. ఇది గర్వింపదగిన విషయము.

అయితే విచారింపదగిన విషయము మరియొకటి కలదు. ఫ్రీ బి.ఎస్.డి. యనియో, హైకూ యనియో పేరెత్తినంతనే ఈ యుద్యమములోనివారే కొందరు, "లినక్సుండగా అవి యేల?" యని పెదవి విరచుచున్నారు. విండోసే లోకమన్నవారిని నిరసించి బయలుదేరినవారు లినక్సే లోకమనుట యెట్టి స్వాతంత్ర్యము? అత్త చేసిన పెత్తనమును తిట్టుకొన్న కోడలు తాను అత్తయైనప్పుడు అదే పెత్తనము చేసినట్లున్నది.

లినక్సు సహితము ఒకనాడు ఇట్టి తిరస్కారమును చవిచూచినదే. 1992లో ఆచార్య టానెన్‌బామ్, దాని నిర్మాణపద్ధతి కాలము చెల్లినదని బహిరంగముగా తీర్పు చెప్పెను. ఆయన రచించిన మినిక్సే ఘనమని నాటి పండితుల తలంపు. లినక్సు లోకమును గెలిచినది. మినిక్సు చచ్చిపోయినదని యెల్లరు ననుకొన్నారు. తీరా 2017లో ఇంటెల్ చిప్పుల లోపలి నిర్వహణ భాగమున మినిక్సే పనిచేయుచున్నట్లు బయటపడినది!

ఓపెన్ బి.ఎస్.డి. కథ యింకను హెచ్చరిక గలది. దూరముననున్న సర్వరులను రహస్యము చెడకుండ నడుపుటకు లినక్సువారు నిత్యము వాడు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. ఆ చిన్న బృందము 1999లో పెట్టిన భిక్ష. అట్టి బృందము 2014లో 20,000 డాలర్ల విద్యుచ్ఛక్తి రుసుమునకై చేయి చాపవలసివచ్చినది. తాళము చేసియిచ్చిన కమ్మరి కొలిమికి బొగ్గులు లేవని యెవ్వరును కనుగొనరైరి.

పనివారు కొలదిమంది, వారు చీలిన శక్తి తగ్గునను ఆక్షేపణ కలదు. అది తేలికగా త్రోసివేయదగినది గాదు. చిన్న వ్యవస్థలకు క్రొత్త యంత్రములతో పొత్తు కుదురుట కష్టమే. కాని ఇష్టముతో శ్రమించువాడు కూలివాడు గాడు. వాని నొక మడినుండి తప్పించినంత మాత్రమున మరియొక మడిలో నాట్లు వేయడు.

కావున మా సూచన యిది. తిరుపతి కళాశాలలలో విద్యార్థులు పరిచితము గాని వ్యవస్థ నొకదానినైనను నడపి చూతురు గాక. కార్యాలయముల దస్తరములు ఏ వ్యవస్థలోనైనను తెరువబడు రూపముననే యుండవలెను. అందరును అన్నిటిని వాడనక్కరలేదు. కాని గాదెలో పలు విత్తనము లుండవలెను. తెగులు వచ్చిననాడు విత్తనము వెదకికొనువాడు ఆ యేటి పంటను పోగొట్టుకొనక తప్పదు.