దుబాయి విమానం: గంటల లెక్క మనమూ నేర్చుకుందాం

మా వీర్నపల్లిలోనే కాదు, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఏ వాడకు పోయినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇండ్లు కనబడతాయి. ఇంటాయనో కొడుకో విమానం ఎక్కిన రోజు మనకు ముద్ద దిగదు. "ఇంకా ఫోను రాకపాయె" అని గడియారం వైపే చూపు. ఆ బెంగలో సగం లెక్క తెలియకనే వస్తుంది. అందుకే అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ నాలుగు మాటలు.

హైదరాబాదు నుంచి దుబాయి ఆకాశ మార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పోయేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు పడుతుంది. దూరం ఒకటే కదా, ఈ తేడా ఏమిటంటారా? అంత ఎత్తులో గాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. ఎదురుగాలికి సైకిల్ తొక్కితే ఆలస్యం కాదూ? ఇదీ అంతే.

ఇక టికెట్టు చూసి కంగారు పడకండి. అందులో ఏ ఊరి టైము ఆ ఊరిదే రాస్తారు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనుక. ఇక్కడ పొద్దున 10కి బయల్దేరితే అక్కడ పన్నెండున్నరకు దిగినట్టు ఉంటుంది. అప్పుడు మనకు మధ్యాహ్నం 2. దిగినాక పాస్‌పోర్టు తనిఖీ, సామాన్లు అయ్యేసరికి ఇంకో గంటో రెండు గంటలో. అంటే ఫోను కోసం 4 దాకా నిమ్మళంగా ఉండవచ్చు. ఒమన్‌కూ ఇదే లెక్క. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లు మాత్రం మనకు రెండున్నర గంటలు వెనుక. మధ్యలో ముంబయిలో విమానం మారేదుంటే ఆ ఆగే గంటలు కూడా కలుపుకోండి.

నిజానికి విమానంలో కన్నా ముందే ఎక్కువ సేపు పడుతుంది. సిరిసిల్ల నుంచి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది కనుక పట్నం దాటి ఇంకా పోవాలి. 3 గంటల ముందే అక్కడ ఉండాలి. 10 గంటల విమానానికి అర్ధరాత్రి దాటగానే ఇల్లు కదలాల్సిందే.

ఆఖరుగా సంచి సంగతి. సకినాలు, గరిజెలు సంతోషంగా కట్టండి. గసగసాలు మాత్రం ఒక్క చెంచా కూడా వద్దు, మసాలా పొడిలో కలిపినవైనా సరే. దుబాయిలో, సౌదీలో అవి నిషేధం, జైలు దాకా పోతుంది. ఎండుకొబ్బరిని పెద్ద పెట్టెలో పెట్టకూడదని 2022లో మన దేశంలోనే నిబంధన వచ్చింది. మందులుంటే డాక్టరు చీటీ తప్పనిసరి. "మావోడికి ఇయ్యి బిడ్డా" అని ఎవరైనా మూట తెస్తే, విప్పి చూడనిదే పెట్టెలో పెట్టనీయకండి. మొగమాటం ఒక్క నిమిషం, తిప్పలు ఏండ్ల తరబడి.

విమానం టైము, మన టైము, అక్కడి టైము మూడూ ఒక కాగితం మీద రాసి క్యాలెండరు పక్కన అంటించుకోండి. అత్తమ్మ అడిగినా, పిల్లలు అడిగినా మీరే చెప్పవచ్చు.