రోలర్ తొక్కిన మట్టిలో గడ్డి బతకాలంటే

రైతు దున్ని మట్టిని గుల్ల చేస్తాడు. ఇంజనీరు అదే మట్టిని రోలర్‌తో తొక్కించి బిగిస్తాడు. రోడ్డు గట్టుకైనా, పాత చెత్తగుట్ట మీద కప్పే మట్టి పొరకైనా ఆ బిగువు ఉండాల్సిందే. అయితే వానకు మట్టి కోసుకుపోకుండా ఆ వాలు మీదే గడ్డి కూడా పెరగాలి. బిగిసిన మట్టిలో వేర్లకు అందే నీరు తక్కువ. ఎండలు ముదిరితే గడ్డి మాడిపోతుంది, బంకమట్టి నెర్రెలు బారుతుంది. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగుతుంది. గట్టయితే వాలు జారే ప్రమాదం. చెత్తగుట్టయితే ఆ నీరు చెత్తలో నాని లీచెట్‌గా, అంటే మురికి ఊటగా, బయటికొస్తుంది.

దీనికి విరుగుడుగా పరిశోధకులు పరీక్షిస్తున్న వాటిలో బయోచార్ ఒకటి. పంట వ్యర్థాలనో కలుపు మొక్కలనో గాలి దాదాపు ఆడకుండా, సాధారణంగా 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో మాడిస్తే మిగిలే బొగ్గు ఇది. గువాహటి ఐఐటీ పరిశోధకులు చెరువుల్ని కమ్మేసే గుర్రపు డెక్కతో దీన్ని తయారుచేశారు. మట్టిలో రకరకాల పాళ్లలో కలిపి, గట్టిపరిచి, ఆరబెట్టి చూశారు. 2018లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, బొగ్గు కలిసిన మట్టిలో మొక్కకు అందే నీరు పెరిగింది, నెర్రెలు తగ్గాయి.

కారణం బొగ్గు నిర్మాణంలోనే ఉంది. మొక్క కణాల గోడలు మాడినా వాటి మధ్య ఖాళీలు సన్నని రంధ్రాలుగా మిగులుతాయి. రోలర్ మట్టి రేణువుల మధ్య సందుల్ని మూయగలదు గానీ, బొగ్గు రేణువు లోపలి రంధ్రాల్ని అంతగా మూయలేదు. వాన నీరు అక్కడ నిలిచి, వేర్లు పీల్చేకొద్దీ మెల్లగా అందుతుంది. పైగా బంకమట్టిలా బొగ్గు ఆరినప్పుడు కుంచించుకుపోదు. ఆ మేరకు నెర్రెలూ తగ్గుతాయి.

అన్ని బొగ్గులూ ఒకటి కావు. తక్కువ వేడిలో చేసినదానికి జిడ్డు అంటుకుని ఉంటే అది నీటిని వికర్షించవచ్చు. బూడిద ఎక్కువైతే మట్టిలో క్షారగుణం పెరుగుతుంది. బొగ్గు తేలిక కాబట్టి, ఎక్కువ కలిపితే మట్టి సాంద్రత తగ్గుతుంది. అందుకే ఒకచోట ఫలితమిచ్చిన పాలును మన నల్లరేగడికి అలాగే వాడకూడదు. ఏ మట్టికి ఆ మట్టినే పరీక్షించి తేల్చుకోవాలి.

ఇక పరిమాణం. ఎకరం మేర అడుగు మందం మట్టి సుమారు 2,000 టన్నులు తూగుతుంది. అందులో 5 శాతం కలపాలంటే 100 టన్నుల బొగ్గు కావాలి. ఎండిన డెక్కలో మూడో వంతు బొగ్గుగా మిగిలిందనుకున్నా 300 టన్నుల ఎండు డెక్క కావాలి. పచ్చి డెక్కలో 90 శాతానికి పైగా నీరే కాబట్టి, చెరువులోంచి తీయాల్సింది 3,000 టన్నుల పైమాటే. అందువల్ల గట్టంతా బొగ్గు కలపడం వృథా ఖర్చు. వేర్లు పాకే పై పొరకే దాన్ని పరిమితం చేసి, బరువు మోసే కింది మట్టిని రోలర్‌కు వదిలేయడమే తెలివైన పని.